తడి నూలు

హలో… ఆ, నేనే, ఉదయక్కనే. పొద్దుగాల్ల సంది చేస్తున్న తమ్మీ, ఇప్పుడా ఎత్తుడు?

… సరే సరే, కోపం జేస్తలేను. పెట్టెయ్యకు. మహిపాల్, జర పెట్టెయ్యకు.

… ఎల్బీ నగర్ సిగ్నల్ కాడ. మీ ఫైనాన్స్ కంపెనీ మనుషులే. మీ బావను కాలర్ పట్టి దింపి, తాళం గుంజుకొని మా వ్యాన్ బండి తీస్కపోయిన్రు. లీజు బండే, కాదన్ననా? కిస్తు తప్పితే గుంజుకపోండ్రి. తప్పిందా?

… కట్టలేదని ఉన్నదా? కంప్యూటర్ల?

— మరి నెల నెలా ఎవరి చేతిల పెట్టిన నేను? దిల్‌సుఖ్‌నగర్ల మా చీరల దుకాణంకొచ్చి, ఛాయ్ తాగి, పైసలు జేబుల పెట్టుకొని పోయింది నువ్వు కాదా? కంపెనీ పంపిన మనిషివే గద నువ్వు?

… రసీదా. మన ఊరోన్ని రసీదు అడుగుతరా ఎవరన్న? లచ్చమ్మత్త కొడుకువు. కర్మన్‌ఘాట్ హనుమంతుని కాడ ఆ బండికి పూజ జేయిస్తే కొబ్బరికాయ కొట్టింది నువ్వే. నిన్ను రసీదు అడిగి ఊళ్లె మొఖం ఎట్ల సూపియ్యాలె నేను?

… బండి సంగతి తర్వాత. ముందుగాల నా మాట ఇను. బండిల తడి నూలు ఉన్నది.

… నూలు, నూలు. మగ్గం పక్కన పుట్టి పెరిగినోనివి, నీకు నేను జెప్పాల్నా? అల్మాస్‌గూడల రంగులేసినం. ఇక్కడ ఆరెయ్య జాగేడిది? ఎప్పటిలెక్కనే తడి మీదనే మూటలు గట్టి ఊరికి పంపినం, మా అత్త వాకిట్ల ఆరేస్తదని. ఈపాటికి ఆరాలె అవి. అన్ని దిక్కుల మూసిన బండి, ఎండ చూస్తివా ఎట్లున్నదో? ఉడికి, రంగు ఒకదాంట్లకొకటి దిగిందంటే ఇగ అయిపాయె.

… మాదొక్కటేనా. మన ఊరి వాడకట్టు అంతటిది ఉన్నది అండ్ల. రంగు అంటొద్దన్న కాడల్లా నూలుకు ముడులేసి ముడులేసి ఆడోళ్ల వేళ్లు పుండ్లయినయి.

… గుంజుకొచ్చిన బండ్లు పెట్టే యార్డులనే ఉన్నవా నువ్వు? బండి నీ ముంగటనే ఉన్నదా? మరి డోరు తియ్యి నాయనా. మూటలు బయట పెట్టు. మీ బావ వస్తడు, ఆటోల వేస్కపోతడు.

… మెసేజా? ఆగు… ఆ, ఒచ్చింది. ఓటీపీ. ఎందుకిది?

… మళ్ల చెప్పు. ఈ నంబరు నీకు జెప్తే, కిస్తులు కట్టలేక, మా ఇష్టంతోని మేమే బండి అప్పజెప్పినం — గట్ల రాసుకుంటరా?

… గప్పుడు ఫైలు మూస్తరు. పైసలేమైనయని నిన్నెవ్వరు అడుగరు. అంతేనా?

… అంటే బండి ఇగ మాకు రాదు.

… తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. ఆ బండి మీదనే బతుకుతున్నం. మీ సారుకు నిజం జెప్పు. కేసు గీసు పెట్ట నేను. పైసలు ఏం జేసినవని అడుగ. ఒక్కసారి నిజం జెప్పు, సాలు.

… నౌకరి పోతది. ఆ, నీ నౌకరి పోతది. మరి మాది?

… అయితే ఒక మాట ఇను. నీకు జెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నది. అండ్ల మీ అమ్మది గూడ ఉన్నది.

… అవును, లచ్చమ్మత్తదే. ఇంట్ల కూసొని తింటుందనుకుంటున్నవా? నువ్వు పంపుడు బంద్ చేసినంక ఏం తినాలె ఆమె? కండ్లు సరిగ కనవడకున్న తడుముకుంట ముడులేసింది. కొడుక్కు తెలుస్తే పరేషాన్ అయితడు బిడ్డా, చెప్పకు అన్నది.



… ఆమెది ఎర్ర గుడ్డ గట్టిన మూట. ఆ, మీ అమ్మ పాత చీర ముక్కనే.

… ఏందీ? అదొక్కటే తీసిస్తవా? మిగిలినయి?

… ఓటీపీ చెప్తేనే.

… నీకు నోరెట్లొచ్చింది రా.

… లేదు, పెట్టెయ్యకు. చెప్తున్న. రాసుకో. నాలుగు… సున్న… ఏడు…

— ఆఖరి అంకె ఇప్పుడే చెప్ప. డోరు చప్పుడు నాకు ఇనవడాలె. ఫోను చెవుకు పెట్టుకొనే బండి కాడికి నడువు.

… నమ్మకమా? నిన్ను నమ్మే గద గిట్లయింది. నడువు.

… గట్ల రాదు. జర పైకి లేపి గుంజు… ఆ. మా బండి డోరే.

… అన్ని దించు. ఎండల వద్దు, గోడ నీడకు… దించినవా? ఇప్పుడు ఒక్కొక్క మూట ఇప్పి, లోపటికి చెయ్యి పెట్టి చూడు. మెల్లగ.

… వేడున్నదా.

… చేతికి అంటిందా? ఏ రంగు?

… ఎరుపు. ముడి కింద తెల్లగుండే కాడ గూడ ఎరుపేనా?

… ఏ మూట తమ్మీ అది?

… మహిపాల్, ఏ మూట?

… అయ్యో. అయ్యో, లచ్చమ్మత్తా.

… ఊకో. ఇప్పుడు ఏడిస్తే ఏమొస్తది. మిగిలినయి జల్ది ఇప్పి ఆరెయ్యి. బావ ఇంకో దిక్కు వెతుకుతున్నడు, యార్డుకు తోలుత.

… మాటిచ్చిన, తప్ప. ఆఖరిది ఎనిమిది. కొట్టుకో.

… చెయ్యి మాత్రం కడుక్కోకు. అట్లనే ఊరికి పో. మీ అమ్మకు సూపియ్యి.

… పెడుతున్న.