తుంగలో ఎర్రపేలిక

“మామ్మా, మొన్నటి వాన నీటికి నానిపోయిందీ సాప. ఇంకా ఎందుకు ఆరబెడతన్నావు? పారీ.”

పారీయాలా? ఓలమ్మో, ముందు వాసన సూడవే గుంటా. తుంగ అది. నువ్విప్పుడు కూకున్నావే, ఈ వసారా ఉన్న సోటే కోసినాను. అప్పుడీ వీధంతా ఆవ కదేటి, ఒట్టి సిత్తడి నేల, మోకాల్లోతు నీళ్ళు, మనిసెత్తు తుంగ. పొద్దున్నే నానూ మీ తాతా కొడవళ్ళట్టుకుని దిగీవోలం. మంచులో ఒకలికొకలం అగుపడీవోలం కాదు. హార్బరు కాడ ఓడ కూసిందంటే కొంగలన్నీ ఒక్కపాలి లెగిసీవి... తెల్లగా... అలగే సూస్తా నిలబడిపోయీదాన్ని. మీ తాత తిట్టీవోడు, కోతకొచ్చినావా, కల కనడానికొచ్చినావా అని.

ఏటి సెప్తన్నాను? ఆఁ, సాప. ఎలమంచిలి సంతలో దించీలోపే ఎగరేసుకుపోయీవోలు నా సాపల్ని.

కోసినప్పుడు నీటికోడి గుడ్లెట్టిన గుబురు అగుపడితే, పాత కోక సింపి ఎర్రపేలిక కట్టీవోలం. పిల్లలు నీట్లోకి దిగీదాకా ఆ గుబురు మీద ఎవులూ కొడవలెయ్యరు. ఎంత పగున్నోలైనా సరే. మీ నాన్న నా సంకలోంచే వొంగి కట్టీసీవోడు, అంత సరదా ఆడికి.

మరి ఆ ఆవ ఏటైపోయిందంటే... ఎవుల్నో ఎందుకనాల, నానే. అప్పుడు మీ అత్త నా కడుపులో ఉంది, బురదలో జారిపడతానేమోనని బయ్యం. రోడ్డు మీద మట్టిలారీ ఎల్తంటే ఆపి, మజ్జిగిచ్చి, “బాబ్బాబు, నడవడానికి ఇక్కడో లోడు పొయ్యి నాయినా” అన్నాను. పోసినాడు. కాలికి తడంటకుండా ఎల్తంటే మారాణీనాగ ఉండీది. ఆ దారినే ఇంకో లారీ, ఇంకోటీ... మట్టి, రాళ్ళు. తర్వాత ఇళ్ళు. మనదీ అలగే.

ఇప్పుడు వానొస్తే నీళ్ళెక్కడికెల్తాయి? మొన్న మంచం కోళ్ళదాకా ఒచ్చినాయి. నువ్వు పుస్తకాలు నెత్తినెట్టుకుని ఏడిసినావు. నాకు ఏడుపు రానేదే, సిగ్గేసింది.

పెరట్లో ఆ మడుగొక్కటే మిగిలింది. కాస్తో కూస్తో నీరు అదే తాగుతంది. రేపు లారీ తెప్పించి అదీ కప్పించీస్తాడట మీ నాన్న, కారెట్టుకోడానికి. వొద్దురా అంటే, “మొదటి లోడు పోయించింది నువ్వే గదమ్మా” అంటాడు. నిజమే.

పొద్దున్న సూసినాను. మడుగులో తుంగ మద్దెన ఒక నీటికోడి కూకునుంది. కదల్నేదు. గుడ్లున్నాయో నేదో నా కళ్ళకి ఆననేదు.

ఇదిగో, ఈ ఎర్రకోక సెంగు సింపు. ఏటి సూస్తావు, పాతదే. ఎల్లి ఆ గుబురుకి కట్టు. మీ నాన్న మరిసిపోయుండడు... లారీ ఎనక్కెల్తాదో నేదో గానీ, ఆడికది అగుపడాల. నీ ఇల్లెప్పుడూ పొడిగుండాల తల్లీ, నీ పుస్తకాలు తడవకూడదు. ఎల్లు. బిగించి కట్టు.