దిష్టి నీళ్లు

రొమేనియా పల్లెలో, ఆదివారం చర్చి నుంచి వచ్చిన నిండు గర్భిణి వంటింటి బల్ల మీద తల వాల్చింది. అత్త పొయ్యిలోంచి నిప్పులు తీసి నీళ్ల గిన్నెలో వేస్తోంది.

“తల పగిలిపోతోందత్తయ్యా. ఉంగరం కూడా వేలికి బిగుసుకుపోయింది.”

“దిష్టే. చర్చిలో ఆ అగ్లాయ నీ పొట్ట చూసి మురిసిపోయింది గానీ, థూ థూ అని ఉమ్మిందా?”

“నర్సు బీపీ ఎక్కువుందంది. తల నొప్పెడితే పట్నం ఆసుపత్రికి వచ్చేయమంది.”

“బీపీ మీ మామయ్యకుంది. ఇరవయ్యేళ్ల పిల్లకి బీపీ ఏమిటే?”

“నేనూ అలాగే అనుకున్నా. కానీ కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయి.”

“బొగ్గులన్నీ మునిగిపోయాయి, చూడు. ఎంత పాడు కన్నో. ఈ నీళ్లు మూడు గుక్కలు తాగు, తగ్గిపోతుంది.”

“ఇవ్వండి.”

“నీ ముందే పెట్టాగా. తాగవేం?”

“గిన్నె ఎక్కడుందత్తయ్యా? మీరు కూడా కనబడట్లేదు.”