పంపర పనస ఒలిచే చెయ్యి

1989 ఆగస్టు ఒకటవ తేదీన కావోశ్యుంగ్ నగరంలోని మన ఆసుపత్రిలో నర్సుగా చేరిన శ్రీమతి షావ్ పేయ్-యున్ గారు, ముప్ఫై ఐదేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వక్క నమిలి నోటి క్యాన్సర్ తెచ్చుకున్నవారికి, ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తీసి నోటిలో అతికించే శస్త్రచికిత్స మన అంతస్తు ప్రత్యేకత. గంటగంటకూ ఆ అతుకును వేలితో నొక్కి, తెల్లబడిన చోట మళ్లీ ఎరుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి, “బతికింది” అని చెప్పిన కంఠం వారిదే.

1998 శరత్కాలంలో బజారులో చేపలు కోసి అమ్మే కే చిన్-థూ గారికి సగం నాలుక తీయవలసి వచ్చింది. రాసే చేతిని వదిలి, రెండో చేతి చర్మం తీయడం రివాజు. ఆయన కుడిచేత్తో సంతకం చేయడం చూసి, పేయ్-యున్ గారు “ఎడమ చెయ్యి” అని నమోదు చేసి, చర్మం తీసే చేతికి సూది తగలకూడదు గనుక సెలైన్ సూదిని కుడిచేతికి పెట్టారు. శస్త్రచికిత్స నాటి ఉదయం ఆయన తన భార్య కోసం పంపర పనస ఒలుస్తున్నారు. కత్తి ఎడమచేతిలో ఉంది.

“అదేంటన్నా, ఎడమచేత్తో?” అని అడిగారు పేయ్-యున్ గారు.

“పుట్టుకతోనే ఇంతేనమ్మా. బళ్లో బెత్తం దెబ్బలకి రాత ఒక్కటే కుడికి మారింది. చేపల దగ్గర బెత్తం లేదుగా!”

“ఈయన కుడిచేత్తో కోస్తే ముళ్లు బేరానికి, కండ పిల్లికి!” అన్నది భార్య.

చర్మం తీశాక ఆ ఎడమచేతి పట్టు సడలితే ఆ ఇంటి బతుకే జారిపోతుంది. పేయ్-యున్ గారు శస్త్రచికిత్స గదికి పరుగెత్తారు.

“ఇప్పుడా చెప్పేది?” అన్నారు డాక్టరు యియో గారు.

“తప్పు నాదే. అడక్కుండా రాశాను. సూదీ నేనే గుచ్చాను. నన్నెంతైనా తిట్టండి, ఆ చెయ్యి మాత్రం ముట్టుకోకండి.”

డాక్టరుగారు తిట్టారు, వాయిదా కూడా వేశారు. సూది గాయం మానాక కుడిచేతి చర్మంతోనే నాలుక తయారైంది. నాటినుంచి ప్రతి రోగి చేతా పండు ఒలిపించాకే పేయ్-యున్ గారు కాగితం నింపేవారు. “పళ్లకొట్టు తెరిచారా అక్కా?” అని నవ్విన చిన్న నర్సులే నేడు తమ జేబు డబ్బుతో పళ్లు కొంటున్నారు.

2009లో ప్రధాన నర్సు అయినా వారు ఆ తప్పును దాచలేదు. కొత్తగా చేరినవారికి మొదటి పాఠంగా చెప్పారు.

మొన్న కే చిన్-థూ గారు పాలచేప తెచ్చారు. “రెండొందల పైచిలుకు ముళ్లు, ఒక్కటీ మిగల్చలేదు. నువ్వు వెళ్లిపోతే చేతి చర్మంతో చేసిన ఈ నాలుక మీద మొలిచే వెంట్రుకలకి క్షవరం ఎవరు చేస్తారమ్మా?”

“మీ ఆవిడుందిగా! చెవిలోవి కూడా తీయించుకో.”

ఇన్నాళ్లూ ఇతరుల చేతులు కాపాడిన వారు, ఇక ఏ గంటా మోగని మధ్యాహ్నాలలో తమకు నచ్చిన పండును తీరికగా ఒలుచుకు తింటూ, సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మన అంతస్తంతా కోరుకుంటున్నది.