పొద్దుటి పిలుపు

ఇడుక్కి కొండల్లో, కట్టప్పన బస్టాండు పక్క టీ దుకాణం. హామ్ రేడియో సెట్టులో రోజూ మాట్లాడుకునే స్నేహితుడు చెరియన్‌ను సమాధి చేసి వస్తూ పౌలోసు, అతని భార్య అన్నక్కుట్టి బల్ల మీద కూర్చున్నారు. బయట వాన. చంగనాశ్శేరి బస్సు ఇంకా రాలేదు.

“...మైకు అలాగే చేతిలో ఉందటండీ. వేళ్లు విడదీసి తియ్యాల్సొచ్చిందట.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఆ ఏలకుల తోటలో పనిచేసే తంగమ్మాళే. ఆవిడేగా తలుపు తోసుకెళ్లి చూసింది.”

“అదంతా ఇప్పుడెందుకు, అన్నక్కుట్టీ. టీ తాగు.”

“జారిపడి తుంటి ఎముక విరిగిందట, అంతే. పాక్కుంటూ రేడియో సెట్టు దాకా వెళ్లాడట పాపం. ఆ పూటే ఎవరన్నా వెళ్లుంటే బతికేవాడని డాక్టరు అన్నాడట.”

“డాక్టర్లు అన్నీ అయ్యాక అలాగే చెప్తారు. బజ్జీ తింటావా? అరటిపండు బజ్జీ, వేడివేడిగా వేస్తున్నాడు.”

“నాకు గొంతు దిగుతుందా? మీకు దిగుతుందా?”

“ఊరికే అడిగాను.”

“మైకు పట్టుకున్నాడంటే మిమ్మల్నే పిలిచుంటాడు కదా.”

“ఎవర్నో. ఎవరో ఒకర్ని.”

“ఎవర్నో ఏంటి? అంత పొద్దున్నే ఆ సెట్టులో మాట్లాడుకునేది మీరిద్దరే. నాకు తెలీదా? పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. లేవగానే మీ మొదటి మాట ఆయనకి. చెరియా, వానెలా ఉంది. చెరియా, మిరియాలు కోశావా. నాతో మొదటి మాట, టీ ఏదీ.”

“ఇవాళా ఆ పాత గొడవ?”

“గొడవ కాదు. మీకొకటి చెప్పాలి.”

“బస్సెక్కాక చెప్దువుగానిలే.”

“బస్సులో నలుగురుంటారు.”

“ఇంటికెళ్లాక చెప్పు.”

“ఇంటికెళ్తే ఆ సెట్టుంటుంది ఎదురుగా. దాని ముందు నా వల్ల కాదు. ఏమండీ, ఇటు చూడండి.”

“చూస్తున్నా.”

“చూడట్లేదు. రోడ్డు చూస్తున్నారు. మీ సెట్టు... మీ సెట్టు పాడవలేదండీ.”

“ఏంటి?”

“పిడుగు పడింది, దాంతో పోయిందన్నారు చూడండి. పోలేదు. వెనకాల, మేడ మీంచి దిగే వైరుంటుందే, యాంటెన్నా వైరు, దాన్ని నేనే ఊడదీశాను. తీసి, ఉన్నట్టే ఆనించి పెట్టాను.”

“ఊఁ.”

“ఊఁ ఏంటండీ? విన్నారా అసలు?”

“విన్నాను.”

“ఓ నాలుగు రోజులనుకున్నాను. నాలుగు రోజులు పొద్దున్నే నాతో వరండాలో కూర్చుంటే చాలు, మళ్లీ పెట్టేద్దామనుకున్నాను. ఎంత పాపిష్టి బుద్ధి పుట్టిందో. వానాకాలం ఆ కొండ మీద కరెంటుండదు, ఫోను మోగదు, బ్యాటరీతో నడిచే ఆ సెట్టొక్కటే ఆయనకి దిక్కు. అన్నీ తెలిసే చేశాను. నేనే చంపేశాను కదండీ ఆయన్ని.”

“మెల్లిగా. టీకొట్టతను వింటున్నాడు.”

“విననీండి. తిట్టండి నన్ను.”

“తిట్టి ఏం లాభం.”

“తిట్టండంటున్నాను. ఆ పొద్దుటిపూటలు ఎంత సంబరంగా ఉన్నానో మీకేం తెలుసు. పనసతొనలు ఒలుస్తూ మీ అమ్మ సంగతులు చెప్పారు మీరు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. నేనిక్కడ నవ్వుతున్నాను, ఆయనక్కడ నేల మీద పడి... నా నవ్వు తలుచుకుంటే నాకే అసహ్యంగా ఉంది. మీరు ఒక్కసారి ఆ వెనకవైపు చూసినా బావుండేది. ఎందుకు చూడలేదండీ?”

“పంచదార వేశాడా దీన్లో? చప్పగా ఉంది.”

“ఎందుకు చూడలేదు?”

“చూశాను.”

“ఏం చూశారు?”

“వైరు. మర్నాడే చూశాను. కోళ్లకి మేతేసొస్తానని వెళ్లావు చూడు, అప్పుడు. బిగించేశాను కూడా.”

“అబద్ధం. నన్ను ఓదార్చడానికి చెప్తున్నారు.”

“ఇన్నేళ్లు దాంతో కాపురం చేశానని నువ్వే అంటావు కదా. వైరు ఊడితే తెలీదా నాకు?”

“మరి వినపడట్లేదన్నారే. రోజూ అన్నారే.”

“అన్నాను. బిగించి బయటికొచ్చేసరికి నువ్వు వరండాలో రెండో కుర్చీ వేసి, తుడిచి పెట్టావు. ఆ కుర్చీ చూశాక చెప్పబుద్ధి కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉంది. చెరియన్‌తో రోజూ అదే గోల. మోకాళ్ల నొప్పి, తోటలో కోతులు. విసుగొచ్చింది.”

“అంటే సెట్టు పనిచేస్తోంది.”

“చేస్తోంది.”

“ఆయన పడిపోయిన రోజు కూడా.”

“బస్సొచ్చినట్టుంది.”

“రాలేదు. అది కుమిళి బస్సు. చెప్పండి.”

“ఏం చెప్పమంటావు?”

“ఆ రోజు పెట్టారా సెట్టు?”

“అలవాటు కదా. సౌండు తగ్గించి పెట్టుకున్నాను, నీకు వినపడకుండా.”

“ఏమండీ.”

“ఎప్పుడూ లైసెన్సు నంబరు చెప్పే పిలుస్తాడు. రూలు తప్పడు. ఆ రోజు పేరు పెట్టి పిలిచాడు. పౌలోసూ, ఉన్నావా, అని. గొంతు తేడాగానే ఉంది. వాన వల్లేమో అనుకున్నాను.”

“అనుకున్నారా?”

“అనుకోవాలనుకున్నాను. మళ్లీ పిలిచాడు. సరిగ్గా అప్పుడే నువ్వు వరండాలోంచి కేకేశావు. ‘వస్తున్నా’ అన్నాను, నీతో. అని, సెట్టు కట్టేశాను.”