పచ్చి చెక్క

నవంబరు పన్నెండు, శనివారం మధ్యాహ్నం. స్థలం: చర్చిని ఆనుకుని ఉన్న పాస్టరుగారి గది. హాజరైనవారు ముగ్గురు: వయసు మళ్లిన పాస్టరుగారు, ఫిర్యాదు రాసి పంపిన పెద్ద వడ్రంగి, ఆ ఫిర్యాదు ఎవరి మీదో ఆ చిన్న వడ్రంగి, అతని సొంత తమ్ముడు. గోడవారగా, తెల్లగుడ్డ కప్పిన కొత్త ప్రభు భోజనపు బల్ల.

"చదివారుగా అయ్యగారూ. ఇంకా ఆలోచన దేనికి? రేపు సంఘం ముందు పెట్టేయండి."

"తొందరేముంది, ఇంకోసారి చదవనీ. 'పచ్చి చెక్క అని తెలిసి, తెలిసి కూడా నా తమ్ముడు దానితోనే ప్రభువు బల్ల చేశాడు. అడుగున, ఎడమ కాలి దగ్గర్నుంచి మధ్యదాకా పగిలింది.' కింద నీ సంతకం. ఇంతేనా?"

"అంతే."

"చిన్నోడా, నువ్వేమంటావు?"

"ఏమీ అనను అయ్యగారూ."

"ఏమంటాడు! తేలు కుట్టిన దొంగలా ఎలా కూర్చున్నాడో చూడండి."

"అన్నయ్యా, మెల్లగా."

"మెల్లగేమిట్రా? నీ చేతికి ఉలి ఇచ్చింది నేను. ఈ చర్చి తలుపులూ కిటికీలూ, ఊగే ప్రతి బెంచీ బాగుచేసింది నేను. తీరా ప్రభువు బల్ల చేసే భాగ్యం వచ్చేసరికి నువ్వు!"

"ఓహో, అదా సంగతి."

"అది కాదు అయ్యగారూ! సంగతి పచ్చి చెక్క."

"సరే, చెక్క సంగతే చూద్దాం. ఈ బల్ల వచ్చాక నువ్వు చర్చిలో అడుగుపెట్టలేదు. నీ కాగితం అందాక, నేను నేలమీద వెల్లకిలా పడుకుని చూస్తేగాని ఆ పగులు కనబడలేదు. నీకెలా తెలిసింది?"

"పచ్చి చెక్క ఆరేకొద్దీ ఎక్కడ చీలుతుందో ఆ మాత్రం తెలియదా వడ్రంగికి?"

"పచ్చిదని ఎలా తెలిసింది?"

"అదీ... వాడి పని నాకు తెలుసు."

"మీ ఇద్దరికీ చెక్కల షెడ్డు ఒకటే కదా. ఆరిన చెక్క మీద సుద్దగీత పెట్టేదెవరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరు, పెద్దోడా?"

"నేనే. నేనేనండీ! ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతారు?"

"అయితే ఈ పచ్చిదాని మీద గీత పెట్టిందీ..."

"నేనే! అయిందా? వాడు దాన్ని భుజానికెత్తుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎడమవైపు ముడి ఉందని తెలుసు. అక్కడే చీలుతుందనీ తెలుసు. చీలాలని మోకాళ్ల మీద ప్రార్థన చేశాను అయ్యగారూ, రోజూ. వాడి పిల్లకు జ్వరం కాసిన రాత్రి కూడా పిల్ల కోసం కాదు, ఆ పగులు కోసమే అడిగాను."

"దేవుడు విన్నాడనుకున్నావా?"

"పగిలిందిగా. అదే భయంగా ఉంది, ఎవరు విన్నారోనని."

"మరి ఈ కాగితం ఏం చెయ్యమంటావు, పెద్దోడా?"

"ఆ కాగితం ఇటివ్వండి, చించేస్తాను. 'తెలిసి, తెలిసి కూడా' అన్నది అబద్ధం. వాణ్ని సంఘం ముందు తలెత్తుకోకుండా చేద్దామని రాశాను. వాడికేం తెలియదు, పిచ్చి వెధవ."

"చించనివ్వకండి అయ్యగారూ. ఆ కలం ఇలా ఇవ్వండి."

"ఎందుకురా?"

"నీ సంతకం కింద నాదీ పెడతాను."

"మతిపోయిందా? నిజం ఒప్పుకున్నానుగా!"

"నీ వంతు నువ్వు ఒప్పుకున్నావు. ఇదిగో, పెట్టేశాను. మడిచి లోపల పెట్టండి అయ్యగారూ."

"మడిచాను. సొరుగులో పెట్టి తాళమూ వేశాను. ఇప్పుడు చెప్పు, చిన్నోడా. పచ్చిదని నీకెప్పుడు తెలిసింది?"

"చిత్రిక పట్టిన మొదటి రోజే. పొట్టు పొడిపొడిగా రాలలేదు. తడితడిగా చేతికి అంటుకుంది."

"తమ్ముడూ, తెలిసీ... తెలిసీ ఆ బల్ల మీది రొట్టె ఎలా తిన్నావురా?"

"తిన్నాను, బల్ల వైపు చూడకుండా."

"ఆ చెక్క తెచ్చి నా మొహాన కొట్టలేకపోయావా? ఎందుకు చేశావురా దానితో?"

"ఇంకోటి ఆరేదాకా ఆగితే, ఈలోగా అయ్యగారు బల్ల పని నీకిచ్చేస్తారేమోనని, అన్నయ్యా."