గుడ్లు కొట్టకముందే ఒక చెంచా

థాంక్స్‌గివింగ్ పండగ రోజు పొద్దున. అలబామాలో వెల్మా వంటిల్లు. ఆవిడా, ఒహాయో నుంచి వచ్చిన కోడలు డార్సీ.

"చేత్తో చిదుమమ్మా. చెంచాతో పొడిస్తే మొక్కజొన్న రొట్టె మాట వింటుందా?"

"చిదుముతున్నాను అత్తయ్యా. స్టఫింగ్‌కి ఇంత మెత్తగా..."

"దేనికీ?"

"డ్రెస్సింగ్. డ్రెస్సింగ్‌కి."

"పెళ్ళయి తొమ్మిదేళ్ళే కదా, నెమ్మదిగా వస్తుందిలే. స్టఫింగ్ అని ఈ రొట్టె ముద్దని టర్కీ కోడి పొట్టలో కుక్కుకునేది మీ ఒహాయో వాళ్ళు. మేం డ్రెస్సింగ్ అని విడిగా పళ్ళెంలో కాల్చుకుని మనుషుల్లా తింటాం."

"ఆ తొమ్మిదేళ్ళూ నన్నీ గిన్నె ముట్టుకోనిస్తే కదా. ఉల్లిపాయలు తరిగే ఉద్యోగంలోనే ఉంచేశారు."

"ఈసారి ప్రమోషన్ ఇచ్చాను కదా తల్లీ. రొట్టె నువ్వే కాల్చి తెమ్మన్నాను. ఏంటలా మొహం పెట్టావు?"

"ఏం లేదు. నాడీన్ పిన్ని ఎన్నింటికొస్తారు?"

"ఒంటిగంటకి. నాలుక పదును పెట్టుకోడానికి కాస్త టైం పడుతుంది కదా మా చెల్లెలికి. పోయినేడు ఏమందో గుర్తుందా?"

"ఉప్పు గురించేగా..."

"'అక్కా, ఇది డ్రెస్సింగా, సముద్రమా' అంది. ఇరవై మంది ముందు. ఈసారీ చెడితే వచ్చే ఏటి నుంచి పండగ వాళ్ళింట్లోనట. కాగితం పళ్ళేల్లో. ముప్పై ఒక్కేళ్ళుగా ఈ బల్ల మీద జరిగిన పండగ. నా కంఠంలో ప్రాణం ఉండగా పోనివ్వను. ఊఁ, కోడి ఉడికిన నీళ్ళు పొయ్యి."

"చాలు కదా?"

"ఇంకా పొయ్యి. జారుగా ఉండాలి. సేజ్ ఆకు నలిపి వెయ్యి. ఏదీ, చెంచా ఇలా తే. పచ్చి గుడ్లు కొట్టాక రుచి చూడ్డానికి ఉండదు."

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. ఉప్పూ, మిరియాలూ, అన్నీ సరిపోయాయి."

"బాగా చూడండి. ఇంకో చెంచా."

"నా నాలుక మీద నీకనుమానమా? కొట్టు గుడ్లు."

"కొట్టను."

"బావుంది. ప్రమోషన్ ఇచ్చిన రోజే సమ్మె."

"అది కాదత్తయ్యా. నిన్న పిండి కలిపేటప్పుడు అలవాటు కొద్దీ మా అమ్మ పోసినట్టే అరకప్పు పంచదార పోసేశాను. ఇందాక చిదుముతూ ముక్క నోట్లో వేసుకుంటే తెలిసింది. చెప్దామంటే భయమేసింది. మీరే కనిపెట్టి తిడతారనుకున్నాను. ఇది మిఠాయిలా ఉంది. మీరేమో బ్రహ్మాండం అంటున్నారు."

"జరుగు, ఆ గిన్నె ఇలా ఇయ్యి."

"మీకు రుచి తెలియట్లేదు కదూ?"

"మెల్లగా. నీ మొగుడు రస్ పక్క గదిలోనే ఉన్నాడు."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు పండక్కి ముందు జ్వరం పడ్డాను చూడు, అప్పట్నుంచి. ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టుంటుంది. అదే వస్తుందిలే అంటాడు డాక్టరు. ఆయనకేం, ఆయన నాలుక బానే ఉంది."

"అందుకేనా ఆ ఉప్పు... కన్నకొడుక్కి కూడా చెప్పలేదా?"

"వాడికి చెబితే నాడీన్‌కి చెప్పినట్టే. నా చేతిలో గరిట ఎప్పుడు లాక్కుందామా అని కూర్చుంది."

"మరిప్పుడెలా? పది దాటింది. అంతా నా వల్లే."

"ఏడుపు తర్వాత. ఆ అరలో గుడ్డ కప్పి ఉంది, తీసి చూడు."

"రొట్టె. ఇంకో రొట్టె. ఎప్పుడు కాల్చారు?"

"పొద్దున్నే నువ్వు ఇంకొన్ని గుడ్ల కోసం బజారుకెళ్ళినప్పుడు. నువ్వు తెచ్చినదాని అంచులు చూశావా, ఎంత నల్లగా ఉన్నాయో? పంచదార పడితే తప్ప రొట్టెకి ఆ రంగు రాదు. నాలుక పోయింది గానీ కళ్ళు పోలేదే నాకు."

"అంటే... తెలిసే బ్రహ్మాండం అన్నారా?"

"నువ్వు నోరు విప్పుతావో, నాడీన్ ముందు నన్ను నవ్వులపాలు చేసి ఊరుకుంటావో చూద్దామనుకున్నాను. ఇదిగో, పట్టు చెంచా. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో రుచి చూసేది నువ్వే."