రేడియేటర్ పక్కన చోటు

వద్దు ఆంటీ, మీకు దణ్ణం పెడతాను, వచ్చే శనివారం పారాయణం మా ఫ్లాట్‌లో మాత్రం వద్దు! అందరి ముందూ "ఈసారి నీలిమ వాళ్లింట్లో" అని మీరు అనేశారు, కాదనలేకపోయాను. అందుకే వాళ్లంతా వెళ్లేదాకా చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించాను.

లీకేజీనా? పైఫ్లాట్ వాళ్ల బాత్రూం ఎప్పుడూ కారలేదండీ. పోయినసారి పెయింటింగ్ అన్నాను చూడండి, అదీ అబద్ధమే. అసలు సంగతేవిటంటే, మా ఇంట్లో చలి. బయట్నుంచి వచ్చి కోటు విప్పబోయి, మళ్లీ బొత్తాలు పెట్టుకునేంత చలి.

నవ్వకండి. మీకు ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ ఉంది. మాకు పొయ్యి దగ్గర్నుంచి హీటర్ దాకా అన్నీ కరెంటే. యూనిట్‌కి గ్యాస్ కంటే నాలుగింతల రేటు! ఇంకా పెరుగుతుందట.

మా గృహప్రవేశం గుర్తుందా? మా ఆయన శ్రీకాంత్ ఎంత గొప్పలు పోయాడు! "గ్యాస్ గొడవే లేదు ఆంటీ, ఒకటే బిల్లు, ముందుముందు అంతా ఎలక్ట్రిక్కే, మీ బాయిలర్ ఇంక మ్యూజియంలో పెట్టుకోండి" అన్నాడు. అన్నాడా లేదా? తర్వాత ఆ కొత్త ఇండక్షన్ పొయ్యి మీద పాలు పెట్టాం. పాలు పొంగి అంచు దాటాయో లేదో, కుయ్ కుయ్‌మని అరిచి పొయ్యి ఆగిపోయింది. పంతులుగారు శుభం అన్నారు. పాలు పొంగితేనే దడుచుకునే పొయ్యి ఉన్న ఇంట్లో శుభమేవిటని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇక హాల్లో ఆ స్టోరేజ్ హీటర్. ఇటుకలు పేర్చిన ఇనప్పెట్టె. రాత్రి చవక కరెంటుతో వేడి మింగుతుంది, పగలు వదుల్తుంది. పగలు ఇంట్లో ఎవరుంటారండీ? శ్రీకాంత్ ఆఫీసు, నేను ఆఫీసు, లాస్య స్కూలు. సోఫా, టీవీ హాయిగా చలి కాచుకుంటాయి. సాయంత్రం మేం తాళం తీసేసరికి ఆ మహాతల్లి దగ్గర ఏమీ మిగలదు.

దోసెల పిండి గిన్నె దాని మీదే పెడతాను. మా ఇంట్లో వెచ్చగా బతుకుతున్నది ఆ పిండొక్కటే ఆంటీ!

వంటింట్లో కరెంటు ఖర్చు చూపించే మీటరు తాలూకు చిన్న స్క్రీన్ ఒకటి. కెటిల్ వేస్తే చాలు, ఎర్రగా అయిపోతుంది. "నీలూ, ఎరుపు! ఎరుపు!" అని దొంగ పడ్డట్టు అరుస్తాడు మా ఆయన. ఏమైనా అందామంటే, బిల్లు వచ్చిన రోజు అతని మొహం చూసి నాకే జాలేస్తుంది.

కరెంటు కంపెనీకి ఫోన్ చెయ్యలేదనుకున్నారా? ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, ఇంకో జంపర్, అదే స్వెట్టర్, వేసుకోండి మేడమ్ అంది. ఎన్నోది తల్లీ అన్నాను. కర్టెన్లు కూడా మూసుకోమంది. సలహాలు ఫ్రీగానే ఇస్తున్నారు, అదొక్కటీ అదృష్టం.

అందరం కోట్లతోనే కూర్చుందామంటారా? బాగుంటుంది! పాండురంగం అంకుల్ ఆ నేల మీద గంట కూర్చుంటే మళ్లీ లేస్తారా? నామం నామానికీ అందరి నోట్లోంచీ పొగ వస్తుంది, ఇంక ధూపం కూడా అక్కర్లేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నాకు విష్ణు సహస్రనామం రాదు. రెండో పేజీ దాటితే పెదవులు ఆడించడమే. అయినా ఒక్క శనివారం మానానా? అందరికంటే ముందొచ్చి గోడకున్న ఈ రేడియేటర్ పక్కన వెచ్చగా చోటు పట్టేస్తాను. మీరేమో, మా నీలిమకి ఎంత భక్తో అని అందరితో చెప్తారు. సిగ్గుతో చచ్చిపోతాను.

లాస్యకి దగ్గు తగ్గట్లేదు ఆంటీ. ఇల్లు వెచ్చగా ఉంచండి అన్నాడు మా జీపీ డాక్టరు. ఎంత తేలిగ్గా అన్నాడో! ఇవాళ పొద్దున కళ్లు తెరుస్తూనే అది ఏవడిగిందో తెలుసా? "మమ్మీ, ఈజ్ ఇట్ వార్మ్ హౌస్ డే?" అని. శనివారానికి అది పెట్టుకున్న పేరండీ.

ఏడవట్లేదు. నిజంగా. ఈ టిష్యూ జలుబుకి.

ఏవిటీ? మళ్లీ చెప్పండి. మీరు బాయిలర్ వేసేది శనివారమేనా? మేం వచ్చే గంట ముందా? మరి మిగతా రోజులు?

అయ్యో. వేడినీళ్ల సంచీ పెట్టుకుని దుప్పట్లోనా? మీవారు పోయినప్పట్నుంచీనా? మాతో ఒక్క మాట చెప్పకూడదా ఆంటీ!

అవున్లెండి. నేను మాత్రం చెప్పానా?

అయితే ఇందాక లోపల టిక్‌మన్నది బాయిలర్ స్విచ్చేనా? అందరూ వెళ్లగానే ఆపేశారా? అదే అనుకుంటున్నా, ఈ రేడియేటర్ మీద చెయ్యి పెడితే వేడి తగ్గుతోందేవిటా అని.

సరే, వచ్చేవారం కూడా ఇక్కడే. పులిహోర నాది. మీ గ్యాస్ బిల్లులో సగం కూడా నాదే, కాదన్నారంటే రాను.

లాస్యా, లే అమ్మా, వెళ్దాం... వద్దులే, పడుకో. ఇది పూర్తిగా చల్లారేదాకా కూర్చునే వెళ్తాం ఆంటీ. డబ్బు పోసి వెలిగించారు, గోడలకి వదిలెయ్యడం ఎందుకు?